సోఫా వెనక దాక్కుని ఉచ్చ పోస్తున్న కుక్కపిల్ల: నా సమాధానం

మీ కుక్కపిల్ల హాల్లో ఉచ్చ పోసినప్పుడల్లా పేపర్ చుట్టి కొట్టామని, ఇప్పుడు సోఫా వెనక దాక్కుని పోస్తోందని, బయటికి తీసుకెళ్తే బిగబట్టుకుంటోందని రాశారు. అది మొండితనం కాదండీ, పాపం. ఇంట్లో పోయకూడదని అది నేర్చుకోలేదు, మీ కళ్లముందు పోయకూడదని నేర్చుకుంది. మిమ్మల్ని చూడగానే భయం, చాటుకెళ్లగానే ఊరట. ఆ ఊరటే దాని బహుమతి, అందుకే కొట్టడం మానేసినా ఈ అలవాటు వెంటనే పోదు. 1953లో సాలమన్, విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, సిగ్నల్ రాగానే మధ్యలో ఉన్న అడ్డు దూకితే కరెంట్ షాక్ తప్పుతుందని కుక్కలు నేర్చుకున్నాయి; షాక్ పూర్తిగా ఆపేశాక కూడా అవి సిగ్నల్ రాగానే అడ్డు దూకి అవతలికి వెళ్తూనే ఉన్నాయి.

కొట్టడం, అరవడం ఇవాళే ఆపేయండి. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి బయటికి తీసుకెళ్లండి. పొడవైన తాడు కట్టి, మీరు కాస్త దూరంగా పక్కకు తిరిగి నిలబడండి. దానివైపే చూస్తూ ఉంటే అది పోయదు. పోయడం అయిన ఒకటి రెండు సెకన్లలో, అక్కడికక్కడే చిన్న చికెన్ ముక్క పెట్టండి. ఇంటికొచ్చాక పెడితే ఇంటికి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. సోఫా వెనక ఎంజైమ్ క్లీనర్‌తో (ఉచ్చ వాసన పోగొట్టే ద్రవం) తుడవండి. మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తుంటే మాత్రం ముందు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి.