ప్లేట్‌లెట్ల కంటే ముందు ఎర్రకణాలను చూడండి

గోమార్లు పట్టిన మీ కుక్కకు జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు 60,000కు పడిపోయాయని, బొప్పాయి ఆకు రసం పట్టవచ్చా అని అడిగారు. ఆకు సంగతి పక్కన పెట్టి, అదే రిపోర్టులో హిమోగ్లోబిన్, పీసీవీ (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం) ఎంత ఉన్నాయో చూడండి. డెంగీ పుణ్యమా అని మనవాళ్లకు రక్తపరీక్ష అంటే ప్లేట్‌లెట్ల లెక్కే అన్న అలవాటు పాతుకుపోయింది. అవి గోమార్ల వల్ల సోకే రెండు జబ్బుల్లోనూ, అంటే బాక్టీరియా వల్ల వచ్చే ఎర్లీషియాలోనూ, ఎర్రకణాల్లో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే బబేసియాలోనూ తగ్గుతాయి కనుక ఆ అంకెను బట్టి జబ్బేదో తేలదు. పైగా ప్లేట్‌లెట్లు గుత్తులు కడితే యంత్రం వాటిని సరిగా లెక్కించలేక ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది.

మా కుక్క చిట్టికి జ్వరం వచ్చి తిండి మానేసినప్పుడు, మొదట చూపించిన చోట స్లైడు చూడకుండానే డాక్సీసైక్లిన్ రాసి పంపించారు. ఆ మందు ఎర్లీషియాకు పనిచేస్తుంది గానీ, దానికి సోకినది అది కాదు. మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు సుమారు 37 నుంచి 55 శాతం ఉండవలసిన పీసీవీ 17కు దిగింది. తరువాత చూసిన వైద్యురాలు చెవి అంచున సూదితో గుచ్చి, వచ్చిన చుక్కను గాజుపలకపై పలుచగా పరిచి, జీమ్సా రంగు వేసి, నన్నూ మైక్రోస్కోపులో చూడమన్నారు. గుండ్రని ఎర్రకణాలలో అక్కడక్కడ, ఒక పక్కన ఊదా చుక్క ఉన్న సన్నని ఉంగరాలు కనిపించాయి. అది బబేసియా జిబ్సోని. పాటన్ అనే శాస్త్రవేత్త 1910లోనే మద్రాసు వేటకుక్కల రక్తంలో దీనిని గుర్తించి వర్ణించాడు. నూరేళ్లు దాటినా స్లైడు చూసే ఓపిక మాత్రం చాలాచోట్ల రాలేదు.

ఉంగరాలు కొన్నే కనిపించినా రక్తం అంతగా తగ్గడానికి కారణం ఉంది. పరాన్నజీవి చీల్చే కణాలకు తోడు, సోకని కణాలను కూడా శరీరపు రక్షణ వ్యవస్థే శత్రువులుగా భావించి నాశనం చేస్తుంది. పగిలిన కణాలలోని హిమోగ్లోబిన్ వల్లనే మూత్రానికి ఆ రంగు. ఆ స్లైడులోనే కాస్త పెద్దగా, నీలి ఛాయతో ఉన్న కణాలను చూపించి, ఎముక మజ్జ కొత్త రక్తం తయారుచేస్తున్నదని ఆమె ధైర్యం చెప్పారు. ముదిరిన ఎర్లీషియాలో మజ్జే దెబ్బతినడం వల్ల అటువంటి కణాలు సాధారణంగా కనిపించవు.

కాబట్టి స్లైడు తప్పక అడగండి. ఎర్రకణంలో జంటలుగా కనిపించే పెద్ద రకం బబేసియాకు ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. చిన్నదైన జిబ్సోనికి అది చాలదు, అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి వాడతారు. జిబ్సోని సోకిన కుక్క పూర్తిగా కోలుకున్నట్లు కనిపించినా పరాన్నజీవి లోపల దాగి ఉండవచ్చు కనుక, ఎవరైనా తమ కుక్కకు రక్తం కావాలని అడిగితే దానిని దాతగా తీసుకువెళ్లకండి.