డాలర్-రూపాయి లాట్ కొనంగనే 5 రూపాయల నష్టం: సమాధానం

ఎన్ఎస్ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్)లో డాలర్-రూపాయి లాట్ ఒకటి కొనంగనే 5 రూపాయల నష్టం చూపిస్తున్నది, మోసమా అని అడిగిండ్రు. రేటు కదలకుండనే మైనస్ 5 పడ్డదంటే అది స్ప్రెడ్ (కొనే రేటుకు, అమ్మే రేటుకు నడుమ తేడా) అన్నా, మోసం కాదు. జగిత్యాలలో దిర్హమ్‌లు మార్చే కాడ కొనే రేటు, అమ్మే రేటు వేరుంటయి కదా, ఇక్కడా అంతే.

1. మీరు కొన్నది ఆస్క్ రేటుకు (అమ్మేటోళ్లు అడిగే రేటు), 85.5050 అనుకోండి.
2. అప్పుడే అమ్మితే వచ్చేది బిడ్ రేటు (కొనేటోళ్లు ఇస్తమనే రేటు), 85.5000.
3. తేడా 0.0050. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే: ఎన్ఎస్ఈలో లాట్ అంటే ఒక్క డాలర్ కాదు, 1000 డాలర్లు. 0.0050 × 1000 = 5 రూపాయలు. ఒక్క టిక్ (రేటు కదిలే అతి చిన్న మెట్టు) 0.0025, అంటే లాట్‌కు రెండున్నర రూపాయలు.

ఈసారి మార్కెట్ ఆర్డర్ (అప్పుడున్న రేటుకే కొనుడు) వద్దు. డెప్త్‌లో (కొనే, అమ్మే ఆర్డర్ల పట్టికలో) బిడ్, ఆస్క్ రెండూ చూసి లిమిట్ ఆర్డర్ (మీరు చెప్పిన రేటుకే కొనే ఆర్డర్) పెట్టండి.

డాలర్లలో రావాల్సింది, కట్టాల్సింది ఏదీ లేకుంటే మాత్రం దిగొద్దు. ఆర్‌బీఐ నిబంధన ఒప్పుకోదు.