బ్యాక్‌లింకులు కొనవచ్చా?

ప్రశ్న: మాకు పోచంపల్లి చీరలమ్మే వెబ్‌సైట్ ఉంది. మూడు వేల రూపాయలకు 500 బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మా సైట్‌కు వచ్చే లింకులు) ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా? - ఓ పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. 2012 ఏప్రిల్‌లో గూగుల్ తన సెర్చ్‌లో ‘పెంగ్విన్’ అనే మార్పు తెచ్చింది ఇలాంటి లింకులకు అడ్డుకట్ట వేయడానికే. 2016 సెప్టెంబర్ నుంచి వాటిని చాలావరకు లెక్కలోకే తీసుకోవడం లేదు. అంటే మీ డబ్బు వృథా. మరీ శ్రుతి మించితే మాన్యువల్ యాక్షన్ (గూగుల్ సిబ్బంది స్వయంగా చూసి వేసే శిక్ష) పడొచ్చు.

ముందు ఇంట్లో ఉన్నది చక్కబెట్టుకోండి. సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే ఉచిత సాధనం సెర్చ్ కన్సోల్‌లో ‘లింక్స్’ తెరిచి, ‘టాప్ లింకింగ్ సైట్స్’ చూడండి. వాటిలో ఏ లింకైనా మీరు తీసేసిన పాత పేజీకి వెళ్లి 404 (పేజీ లేదనే సందేశం) చూపిస్తోందా? అదే విషయమున్న కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాను శాశ్వతంగా కొత్తదానికి మళ్లించే ఏర్పాటు) పెట్టండి. హోమ్ పేజీకి మళ్లిస్తే ఫలితం ఉండదు.

తర్వాత, ఇతరులు తమంతట తామే లింక్ ఇచ్చే పేజీ ఒక్కటి తయారుచేయండి. పడుగుకో పేకకో మాత్రమే ముడులు కట్టి రంగద్దిన చీరకూ, రెండింటికీ అద్దిన డబుల్ ఇక్కత్‌కూ తేడా ఏమిటో దగ్గర నుంచి తీసిన ఫొటోలతో చూపండి. చేనేత గురించి రాసేవారికి, డిజైన్ విద్యార్థులకు అది నిజంగా పనికొస్తుంది. మీ పేరు రాసి లింక్ ఇవ్వనివారుంటే, మీ పేజీ చిరునామాతో చిన్న మెయిల్ పంపండి. లింక్‌లో ఏ పదాలుండాలో మాత్రం చెప్పకండి. అన్నిచోట్లా ‘పోచంపల్లి చీరలు ఆన్‌లైన్’ అనే ఉంటే అది కృత్రిమమని ఇట్టే తెలిసిపోతుంది.

లింక్ కోసం చీర ఉచితంగా ఇచ్చినా అది కొన్నట్టే. అక్కడ ‘స్పాన్సర్డ్’ ట్యాగ్ (ప్రతిఫలం తీసుకుని ఇచ్చిన లింకని గూగుల్‌కు తెలిపే గుర్తు) పెట్టించండి. మాన్యువల్ యాక్షన్ రానంతవరకు డిసవౌ (ఫలానా లింకులను లెక్కించవద్దని గూగుల్‌ను కోరే సాధనం) జోలికి వెళ్లకండి. పొరపాటున మంచి లింకులూ పోతాయి.