టెక్ సందేహాలు: ఛార్జ్ ఎక్కదు, వారంటీ రాదంటున్నారు!

ప్రశ్న: ల్యాప్‌టాప్ కొని పది నెలలైంది. నాలుగు రోజులుగా బ్యాటరీ 34 శాతం దాటడం లేదు. ‘ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్’ అని చూపిస్తోంది. ఛార్జర్ తీస్తే 33, 32 అని దిగుతుంది, పెడితే అక్కడే ఆగుతుంది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ఛార్జింగ్ పోర్టు దెబ్బతింది, ఫిజికల్ డ్యామేజీ కాబట్టి వారంటీ వర్తించదు, డబ్బు కట్టాలంటున్నారు. నేనెక్కడా పడేయలేదు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఛార్జర్ పెట్టినంతసేపూ శాతం దిగడం లేదంటే ల్యాప్‌టాప్ అడాప్టర్ కరెంటు మీద నడుస్తోందన్నమాట. అంటే పోర్టు గుండా కరెంటు లోపలికి వస్తూనే ఉంది. పోర్టు పూర్తిగా పోతే ‘ప్లగ్డ్ ఇన్’ అన్న మాటే కనబడదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. డెల్‌లో, చాలా హెచ్‌పీ మోడళ్లలో అడాప్టర్ గుండ్రటి పిన్ను నడుమ సన్నటి సూది ఒకటి ఉంటుంది. అది కరెంటు కోసం కాదు, అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పడానికి. ఆ సూది వంగినా, పోర్టు లోపల కాంటాక్ట్ వదులైనా మెషిన్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కకపోవచ్చు. డెల్‌లో అయితే ఆన్ చేయగానే అడాప్టర్ రకం తెలియడం లేదన్న హెచ్చరిక కూడా వస్తుంది. మీ పిన్నుని వెలుతురులో పెట్టి చూడండి. అదే మోడల్ ఉన్నవాళ్ల అడాప్టర్‌తో ఛార్జ్ ఎక్కితే గొడవే లేదు. తప్పు మీ అడాప్టర్‌ది, దాన్ని మార్చమనండి.

60 దగ్గరో 80 దగ్గరో ఆగితే బ్యాటరీ ఆయుష్షు కోసం కంపెనీ యాప్ పెట్టిన పరిమితి అనుకోవచ్చు. మీది 34 కాబట్టి అది కాదు. ఎండాకాలం పరుపు మీద పెట్టి వాడితే సెల్స్ వేడి 45 డిగ్రీలు దాటి, చల్లబడేదాకా ఛార్జింగ్ ఆగడం మామూలే. నాలుగు రోజులు వరసగా ఆగదు.

ఇక రీసెట్. షట్‌డౌన్ చేయండి, స్లీప్ సరిపోదు. అడాప్టర్, పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ తీసేసి పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఇప్పుడు అడాప్టర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. అప్పటికీ ఎక్కకపోతే విండోస్‌లోకి వెళ్లకుండా బయోస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల తెర) ఓ పావుగంట ఉంచండి. ఆ తర్వాత చూసినా శాతం కదలకపోతే విండోస్ తప్పు కాదని తేలినట్టే. సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్ అని తిప్పిపంపే వీలు వాళ్లకి ఉండదు. మెషిన్ ఆన్ అయ్యేటప్పుడే హెచ్‌పీలో ఎఫ్2, డెల్‌లో ఎఫ్12 నొక్కి బ్యాటరీ టెస్ట్ నడపండి. ఫెయిలైతే ఒక కోడ్ ఇస్తుంది, ఫొటో తీసి ఉంచుకోండి. వారంటీ వాదనలో దానికున్న బలం మన మాటకి ఉండదు.

మళ్లీ సర్వీస్ సెంటర్ మెట్లెక్కే ముందు ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. చాలామంది మరిచేది మరొకటుంది: బిట్‌లాకర్ రికవరీ కీ. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకి వేసే డిజిటల్ తాళం, మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. రిపేరులో మదర్‌బోర్డు మారిస్తే, తిరిగొచ్చిన మెషిన్ 48 అంకెల కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే ఫోన్‌లోంచి తెరిచి కాగితం మీద రాసుకోండి. అది దొరక్కపోతే ల్యాప్‌టాప్ బాగైనా డేటా పోయినట్టే.

సర్వీస్ సెంటర్‌లో అసలు ఆట జాబ్‌షీట్, అంటే మెషిన్ తీసుకుంటూ వాళ్లు రాసే కాగితం దగ్గర ఉంటుంది. కౌంటర్‌లో అబ్బాయి ‘నాట్ ఛార్జింగ్’ అని రెండు ముక్కలు కొట్టి సంతకం పెట్టమంటాడు. పెట్టకండి. ‘అడాప్టర్‌తో ఆన్ అవుతోంది, ఛార్జ్ 34 శాతం దగ్గర ఆగింది, అడాప్టర్ కూడా ఇచ్చాను’ అని రాయించండి. ఇచ్చేటప్పటి స్థితిని నాలుగు వైపులా, ముఖ్యంగా పోర్టుని దగ్గరగా, ఫొటోలు తీసుకోండి. పోర్టు విరిగిందంటే విరిగినచోటు ఫొటో, రిపేరు ఎస్టిమేట్, వారంటీ ఎందుకు రాదో కారణం, మూడూ మెయిల్‌లో పంపమనండి. పోర్టు విడి కేబుల్ మీద ఉందా, బోర్డుకి సోల్డర్ చేసి ఉందా అని కూడా అడగండి. విడి కేబుల్ అయితే ఆ కేబుల్ మారిస్తే చాలు, బోర్డు మొత్తానికి ఎస్టిమేట్ వేస్తే ఒప్పుకోవద్దు.

ఆ మెయిల్ రాకపోయినా, వచ్చిన కారణం నమ్మశక్యంగా లేకపోయినా కంపెనీ కస్టమర్ కేర్‌కి బిల్లు, జాబ్‌షీట్, ఫొటోలు జతచేసి రాయండి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పోర్టు మార్చేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. కానీ కంపెనీ చేయనని రాసిచ్చేదాకా అటు వెళ్లకండి. బయటివాళ్లు విప్పాక, అది అంతకుముందే విరిగి ఉందో లేదో ఎవరూ తేల్చలేరు.

బోర్డు మారిస్తే తెచ్చుకునే ముందు బయోస్‌లో సీరియల్ నంబరు, కింది స్టిక్కర్ మీద నంబరు ఒకటేనా చూసుకోండి. తేడా ఉంటే అక్కడే సరిచేయించండి. లేదంటే రేపు ఇంకో భాగం పోయినప్పుడు మీ వారంటీ రికార్డు దొరక్క తిప్పలు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ ఛార్జర్ రిపేరు అయ్యేలోపు ల్యాప్‌టాప్‌కి 65 వాట్ల ఫోన్ ఛార్జర్ వాడొచ్చా? రెండూ టైప్-సీ.
– ఓ పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఛార్జర్ మీద ‘పీడీ’ (పవర్ డెలివరీ, అన్ని కంపెనీలకీ ఉమ్మడి ఛార్జింగ్ పద్ధతి) అన్న లైన్ వెతకండి. అక్కడ 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే నిక్షేపంగా వాడొచ్చు. చాలా ఫోన్ ఛార్జర్లలో 65 వాట్లు ఆ కంపెనీ ఫోన్లకే వస్తాయి, మిగతావాటికి అంతకంటే బాగా తక్కువ. అలాంటివి పెడితే ‘స్లో ఛార్జర్’ అంటుంది, పని చేస్తుండగానే శాతం దిగిపోతుంది. కేబుల్ కూడా చూసుకోవాలి: 60 వాట్లు దాటాలంటే లోపల చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. ఇంకో సంగతి, టైప్-సీ ఛార్జర్‌ని ఉత్తినే మల్టీమీటర్‌తో కొలిస్తే సున్నా చూపిస్తుంది. అవతల పరికరం తగిలేదాకా అది కరెంటు వదలదు. అది చూసి పోయిందనుకుని పారేయకండి.