పొద్దున్నే వచ్చే తుమ్ములు, రాత్రి దగ్గు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. లేవగానే వరస తుమ్ములు, కళ్ల దురద, ముక్కు దిబ్బడ, అర్ధరాత్రి పొడి దగ్గు. ఇల్లు రెండు పూటలా ఊడుస్తున్నా తగ్గడం లేదని రాశావు. నాదీ ఏళ్ల తరబడి ఇదే బాధ కనుక నీ విసుగు నాకు తెలుసు. నువ్వు పడే శ్రమంతా హాల్లో కనిపించే దుమ్ము మీద ఖర్చవుతోంది. నీకు పడనిది మాత్రం ఎక్కువగా నీ తల కింది దిండులోనే ఉండి ఉంటుంది.

ఇంటి దుమ్ములో డస్ట్ మైట్లని ఉంటాయి. సాలీళ్లకు దూరపు చుట్టాలు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండీ లేనట్టుంటాయి కాబట్టి కంటికి ఆనవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు వాటికి తిండి, గాలిలోని తేమే వాటికి నీళ్లు. తిండి, తేమ, వెచ్చదనం మూడూ ఒకేచోట దొరికేది పరుపులోనే. అవి కరవవు, కుట్టవు. వాటి విసర్జనలో ఉండే ప్రొటీన్లే మనలాంటి వాళ్లకు పడవు. ఇంటి దుమ్ము అలర్జీకి మూలం ఈ జీవేనన్న వాదనను 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు గట్టిగా ముందుకు తెచ్చారు. అప్పటి నుంచే వైద్యుల దృష్టి పరుపు మీదకు మళ్లింది. రాత్రంతా ముక్కు అక్కడే ఆనించి పడుకుంటాం, తెల్లవారేసరికి తుమ్ములు రాక ఏమవుతాయి?

కాబట్టి ముందు పడకగది చూడు. పరుపుకూ దిండ్లకూ దగ్గర నేత ఉన్న, జిప్పుతో పూర్తిగా మూసుకునే కవర్లు వెయ్యి. పైన వేసే దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. చన్నీళ్లలో ఉతికితే అలర్జీ తెచ్చే పదార్థం చాలావరకు కొట్టుకుపోతుంది కానీ మైట్లు చావవు. గలేబు తీసేటప్పుడు విదిలించకు. గలేబు మూతి దగ్గర పట్టుకుని లోపలికి మడుచుకుంటూ తీసి, అలాగే చుట్టగా చేసి ఉతికే బట్టల్లో వెయ్యి. పిల్లల బొచ్చు బొమ్మలు వేడినీళ్లకు ఆగకపోతే, సంచిలో కట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత ఉతుకు. చలికి మైట్లు చస్తాయి, మిగిలిన మురికి ఉతుకుతోనే పోతుంది. కవర్లొక్కటే వేసి, గుణం కనపడలేదని విసిగి మానేసిన వాళ్లు నాకు తెలుసు. ఇవన్నీ కలిపి కొన్ని నెలలు చేస్తేనే తేడా తెలుస్తుంది.

పొడి చీపురు మానెయ్యి, నా మాట విను. అది దుమ్మును నేల మీద నుంచి లేపి నీ ముక్కు దాకా తెస్తుంది. తడిగుడ్డతో తుడువు. దులపడం, ఊడవడం వీలైతే ఇంట్లో అలర్జీ లేని వాళ్లకు అప్పగించు. నువ్వే చేయాల్సి వస్తే మాస్కు పెట్టుకో, కిటికీలు తెరువు, పని కాగానే గదిలోంచి బయటికి వచ్చెయ్యి. లేచిన రేణువులు బరువైనవి, అరగంటలో కిందికి దిగుతాయి. గాలిని శుద్ధిచేసే యంత్రం కొందామా అని అడిగావు కదా, మైట్ల విషయంలో దాని వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేకపోవడానికి కారణం ఇదే. పిల్లి, కుక్క ఒంటి పొట్టు గాలిలో చాలాసేపు తేలుతుంది, దానికైతే కొంత పనికొస్తుంది.

తేమ సంగతి మరువకు. గాలిలో తేమ 50 శాతం లోపు ఉంటే మైట్లు నిలదొక్కుకోలేవు. పడకగదిలో తడి బట్టలు ఆరేయకు, గోడ మీద బూజు పడితే నీరు ఎక్కడి నుంచి ఊరుతోందో చూసి బాగుచేయించు. తివాచీ తీసెయ్యి. సిగరెట్టు పొగ ఇంట్లోకి రానివ్వకు.

ఇక మందుల మాట. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే రోజూ వాడాలి. పూర్తి గుణం కనపడటానికి రెండు వారాల దాకా పట్టవచ్చు, రెండు రోజులకే పక్కన పడేయకు. తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టు. అప్పుడు మందు మధ్య గోడకు తగలక పక్కకు వెళ్తుంది, రక్తం చిందే బాధ తగ్గుతుంది. గట్టిగా ఎగపీల్చకు, పీలిస్తే మందంతా గొంతులోకి జారుతుంది. దిబ్బడ వెంటనే విడిపించే చుక్కల జోలికి మాత్రం ఐదు రోజులకు మించి వెళ్లకు. మానగానే దిబ్బడ ముందుకంటే ఎక్కువగా తిరగబెడుతుంది.

ఆ రాత్రి దగ్గు గురించే నాకు బెంగగా ఉంది. దాంతోపాటు పిల్లికూతలు, ఛాతీ బిగుసుకున్నట్టు ఉండటం జరిగితే అది ఆస్తమా కావచ్చు. ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకో. ఇన్‌హేలర్ రాస్తే అలవాటు పడిపోతానని భయపడకు. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరేది దానితోనే, మాత్రతో పోలిస్తే మోతాదు ఎంతో తక్కువ. స్టెరాయిడ్ ఉన్నదైతే వాడాక నోరు పుక్కిలించు. ఎప్పుడైనా మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలమైనా, ఆయాసాన్ని అప్పటికప్పుడు తగ్గించే ఇన్‌హేలర్ వెంటనే పీల్చి ఆసుపత్రికి బయలుదేరు, తెల్లవారనీ అని ఆగకు.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఏ గదిలో, ఏ వేళ, ఏ పని చేస్తుంటే ఎక్కువవుతోందో ఒక వారం రాసిపెట్టుకో. చర్మం మీద అలర్జీ పరీక్ష చేస్తామంటే, అలర్జీ మాత్రలు ఎన్ని రోజుల ముందు ఆపాలో ఫోనులోనే అడుగు. అవి ఒంట్లో ఉంటే పరీక్ష సరిగా తేలదు. ఫలితం వచ్చాక నాకు రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ