వాలరెంట్‌లో గురి ఎందుకు దాటిపోతోంది?

కౌంటర్-స్ట్రైక్ 2, వాలరెంట్ రెండూ తుపాకీతో గురి చూసి కాల్చే కంప్యూటర్ ఆటలు. కౌంటర్-స్ట్రైక్ 2లో సెన్సిటివిటీ (మౌస్ కదిపితే ఆటలో చూపు ఎంత తిరగాలో చెప్పే అంకె) 1.1తో అలవాటైన చేతికి, వాలరెంట్‌లోనూ అదే 1.1 పెడితే గురి శత్రువు తలను దాటి గోడ మీదికి పోతుందా? తప్పు చేతిది కాదు. మౌస్ పంపే ఒక్కో కౌంట్‌కి (కదలికలో అతి చిన్న మెట్టుకి), సెన్సిటివిటీ 1 దగ్గర, కౌంటర్-స్ట్రైక్ చూపును 0.022 డిగ్రీలు తిప్పితే వాలరెంట్ 0.07 డిగ్రీలు తిప్పుతుంది. అందుకే పాత అంకెను 3.18తో భాగించండి: దాదాపు 0.346 వస్తుంది. డీపీఐ (మౌస్ ఒక అంగుళం జరిగితే పంపే కౌంట్ల సంఖ్య) మాత్రం మార్చొద్దు. 800 డీపీఐ అయితే ఆటలో పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి మౌస్ సుమారు 47 సెంటీమీటర్లు జరగాలి. ప్యాడ్ పక్కన స్కేలు పెట్టి చూసుకోండి. చిన్న ప్యాడ్ మీద ఇది కష్టమే, కీబోర్డుకు తగులుతుంది. అప్పుడు సెన్సిటివిటీ కొంచెం పెంచుకోండి. ఒక్క మ్యాచ్ ఓడగానే మళ్లీ మార్చేయకండి, వారమైనా ఆడి చూడండి.