రిమోటులో సెల్లులు ఉన్నాయా?

అమ్మాయీ,

నీ కథ అందింది. పదకొండు పేజీలు, రెండుసార్లు చదివాను. బాగుంది. ఇక మిగతాది మాట్లాడుకుందాం.

ఇంత పెద్ద ఉత్తరం రాద్దామని కూర్చోలేదు. ఎవరు కథ పంపినా రెండు ముక్కలు రాసి ఊరుకోవడం నా అలవాటు. కానీ కథతో పాటు నువ్వు పెట్టిన ఉత్తరంలో, సంతకానికి కాస్త పైన, ఒక మాట ఉంది: "నిజానికి అమ్మ ఓటు మార్చడానికి కారణం నేను కొన్న ఏసీ సార్. అది మరీ చిల్లర కారణం అనిపించి కథలో పెట్టలేదు." అది చదివాక కాఫీ చల్లారిపోయినా చూసుకోలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

నీ కథలో అమ్మ ఏం చేస్తుంది? 2024 మే 13న నరసరావుపేట దగ్గర ఊళ్లో మూడు గంటలు లైన్లో నిలబడి ఓటేసి వస్తుంది. వచ్చి, పంతంగి టోల్‌గేటు దగ్గర సగం రాత్రి బస్సులో ఇరుక్కుని ఊరు చేరిన కూతురికి ఉపన్యాసం ఇస్తుంది. మూడు రాజధానులు, రాష్ట్రం అప్పులు, గుంతల రోడ్లు, పట్టాదారు పాస్‌పుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో ఎందుకని. పేజీన్నర. ఊపిరి తీసుకోదు. ఐదో తరగతి చదివిన మనిషి సంపాదకీయం అప్పజెప్పినట్టు అప్పజెబుతుంది. ఆ మాటలు అబద్ధమని నేను అనడం లేదు. పాస్‌పుస్తకం గొడవ, భూమి హక్కు చట్టం భయం ఆ ఎన్నికల్లో ఎంత పనిచేశాయో నాకూ తెలుసు. కానీ మీకు సెంటు భూమి లేదని నాలుగో పేజీలో నువ్వే రాశావమ్మా.

ఇప్పుడు ఉత్తరంలో నువ్వు చెప్పింది చూద్దాం. ఉద్యోగం వచ్చిన కొత్తలో, 2022 ఎండల్లో, అమ్మకి ఏసీ కొన్నావు. కరెంటు నెలకి 300 యూనిట్లు దాటింది. తమ్ముడు ఇంటర్. మరుసటి ఏడాది, పిల్లల్ని చదివించే తల్లులకి ప్రభుత్వం డబ్బు వేసే అమ్మ ఒడి జాబితాలో అమ్మ పేరు లేదు. పక్కింటి పిన్నికి 13 వేలు పడ్డాయి. ఊరి సచివాలయానికి వెళ్లి అడిగితే 300 దాటింది కనక రాదని కరెంటు లెక్క చూపించి పంపారు. అమ్మ నిన్ను ఒక్క మాట అనలేదు. ఏసీ కట్టేసింది, అంతే. కూతురి మీద పడాల్సిన కోపం ఎక్కడో ఒకచోట పడాలి కదా. పదకొండు నెలలు కడుపులో దాచుకుని, మే 13న బూత్‌లోకి వెళ్లి అక్కడ దింపుకుంది. ఇది చిల్లరా?

నువ్వు దాచినా అది దాగలేదు. మూడో పేజీలో ఉంది: "ఏసీ రిమోటు పాలిథిన్ కవర్లో చుట్టి, దేవుడి గూట్లో పసుపు డబ్బా వెనక ఉంది." కథ మొత్తంలో నాకు నచ్చిన వాక్యం అదొక్కటే. ఎందుకుందో చెప్పకుండా వదిలేసి రాజధాని గురించి ఎత్తుకున్నావు. అమ్మ దాచిన చోటే నువ్వూ దాచావు.

ఈ పాట నేను ముప్పై ఏళ్లుగా పాడుతున్నానని స్నేహితులు విసుక్కుంటారు. అయినా పాడతాను. మనిషి ఓటేసిన కారణం ఎంత చిన్నదైతే అంత చిన్నదిగానే రాయాలి. దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి సభకి తీసుకెళ్లకూడదు. ఏ కారణం రాయడానికి నీకు సిగ్గేస్తుందో అదే రాయాలి. ఈ మాట అనే అర్హత నాకెలా వచ్చిందో చెబుతాను. ఇది ఎక్కడా రాయలేదు.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట రోశమ్మ పేరు ఊరూరా పాకిన రోజులు. రాత్రి బడి వాచకంలో ఒక పాఠం చదివి ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి కదిలారని చెప్పుకునేవాళ్లం. కథలు రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? మా వీధి ఆడవాళ్లు చీపుర్లు, కారం డబ్బాలు పట్టుకుని బయల్దేరినరోజు మా అమ్మ ఏం చేసిందో తెలుసా? తన కారం డబ్బా పక్కింటావిడ చేతికిచ్చి, లోపలికొచ్చి తలుపేసుకుంది. నాన్న ఆ దుకాణంలోనే ఉన్నాడు మరి.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. నాన్న బ్రాందీకి మారాడు. ఖర్చు పెరిగింది. అమ్మకి పుట్టింటివాళ్లు సారె పెట్టిన ఇత్తడి బిందె తాకట్టుకి పోయింది. 1994 డిసెంబరులో ఎన్నికలు. సంపూర్ణ మద్యనిషేధం అన్నాడు రామారావు. వారుణి వాహిని పేరుతో సారాని ప్యాకెట్లలో పోసి ఊళ్లకి పంపింది ఆయన ప్రభుత్వమే. అమ్మకి ఆ సంగతి బాగా తెలుసు. అయినా సైకిల్ మీదే ముద్ర గుద్ది వచ్చింది. ఎందుకేశావే అని ఆ రాత్రి అడిగితే "నీకెందుకబ్బయా" అని పళ్లెం ముందుకు తోసింది.

నేనూరుకుంటానా? కథ రాశాను. అమ్మ తలుపేసుకోవడం అందులో ఉంది. ఒక వారపత్రిక సంపాదకుడు ఇన్‌లాండ్ లెటర్ రాశాడు: "తల్లి పాత్ర బలహీనంగా ఉంది. ఆమెను ఉద్యమంలోకి నడిపించండి." నడిపించాను. కారం డబ్బా తిరిగి చేతికిచ్చాను, ఊరేగింపు ముందు నిలబెట్టాను, పేజీన్నర మాట్లాడించాను. నీకు లాగే. బహుమతి వచ్చింది, 500 రూపాయలు. హోటలు బాకీ తీర్చాను. ఆ సంపాదకుణ్ణి ఇప్పటికీ క్షమించలేదు. నన్ను నేను క్షమించుకోవడం కంటే అది సులువు.

చాలా ఏళ్ల తర్వాత, నాన్న పోయాక, అమ్మ చింతపండు గింజలు తీస్తూ అడక్కుండానే చెప్పింది. "ఆయన మానాలని ఎయ్యలేదురా. మానడని నాకు తెల్దా? తాగను దొరక్క ఒక్కనాడన్నా చేతులు వణికితే చూద్దామని ఏశా. నా బిందె పోయిన్నాడు నాకు ఒళ్లంతా వణికింది."

1994 డిసెంబరు 12న రామారావు లాల్ బహదూర్ స్టేడియంలో సంతకం పెట్టాడు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. నాన్న చేతులు వణికాయి. అమ్మ మూడు రోజులు చూసింది. నాలుగో రోజు తమిళనాడు వైపు నుంచి వచ్చే లారీ క్లీనర్ దగ్గర క్వార్టర్ సీసా కొని, కొంగు చాటున తెచ్చి ఇచ్చింది. ఏ పార్టీవాడికి చెప్పుకుంటాం ఇది? ఏ పోటీకి పంపుతాం? ఉగాది కథల పోటీల్లో గెలిచే తల్లులు ఇలాంటి పనులు చెయ్యరు.

సరే, నీ కథకి వస్తాను. పోలింగ్ తర్వాత పల్నాడులో జరిగిన కొట్లాటలు, 144 సెక్షన్ అంటూ రెండు పేజీలు రాశావు. తీసెయ్. అవన్నీ పేపర్లో వచ్చాయి. నాన్న అవతలి పార్టీకి వేశాడని, ఆ రాత్రి ఇద్దరూ ఒకే గదిలో మాట్లాడుకోకుండా అన్నం తిన్నారని రాశావే, అక్కడ ఇంకాసేపు ఉండు. ఏసీ లేదు, ఉక్క, చెమటలు. ఎవరు లేచి కిటికీ తీశారో రాయి.

ఒక్కటి బతిమాలుకుంటాను. అప్పుడు అధికారంలో ఉన్న పార్టీ గుర్తు ఫ్యాను. మీ అమ్మ ఏసీ కట్టేసి ఫ్యాను కింద పడుకుని ఫ్యానుకి వ్యతిరేకంగా ఓటేసింది. దీంతో కొసమెరుపు తగిలించాలని నీకు చెయ్యి దురద పెడుతుంది. వద్దు. నాకూ దురద పెట్టింది. కొసమెరుపుల జబ్బు తెలుగు కథని చాలావరకు తినేసింది. మీట నొక్కాక ఎవరికి ఓటేశామో చూపించే స్లిప్పు ఏడు సెకన్లు కనపడి పెట్టెలో పడిపోతుంది, చివర్న ఇంకేం జరగదు. అమ్మ బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటుంది.

ఫలితాలొచ్చాక 175లో కూటమికి 164 అని రాసి, "అమ్మ నవ్వింది" అన్నావు. నిజంగా నవ్విందా? నవ్వి ఉంటే సరే. నాకు మాత్రం ఆవిడ గూటి వైపు చూసి ఉంటుందనిపిస్తోంది. నేనక్కడ లేను, నువ్వున్నావు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, పార్టీ పేరు రాయాలా వద్దా అని అడిగావు. ఇంకేదో కూడా అడిగావు, ఉత్తరం మళ్లీ తెరిచి చూసే ఓపిక లేదు. వాటి సంగతి తర్వాత. ముందు ఈ ఆదివారం ఊరెళ్లు. అమ్మని ఏమీ అడగకు. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు ఆ కవరు విప్పి, రిమోటు వెనక మూత తీసి చూడు. సెల్లులు అలాగే ఉంచి చుట్టిందా, తీసేసి చుట్టిందా? నాకు కార్డు ముక్క రాయి. అప్పటిదాకా కథ ఎవరికీ పంపకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు